తల్లిలేని బిడ్డ సినిమా

అక్కా,

ఈ రోజుకు నువ్వు పోయి పదిహేనేళ్ళు. అమ్మనూ నా కూతురినీ తీసుకుని తిరుత్తణిలో సినిమాకు వెళ్ళాను. నువ్వు నాకు చెప్పే రాకుమారుడి కథనే ఇప్పటి కాలేజీ పిల్లల మీద నవ్వులాటగా తీశారు. అందులో తల్లిలేని అమ్మాయి సవతి తల్లి వద్దన్నా కాలేజీలో డాన్సుకు వెళ్ళి చెప్పు పోగొట్టుకుంటుంది. అది పట్టుకుని అబ్బాయి వెతుక్కుంటూ వస్తాడు.

హాలంతా నవ్వుతుంటే, నీకు సవతి తల్లైన మా అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "తల్లిలేని బిడ్డను ఎట్ల ఏడిపిస్తా ఉందో చూడు, పావం" అంది.

నాకు నీ స్కూల్ డే గుర్తొచ్చింది. నెల రోజులు డాన్సు నేర్చుకున్నావు. "నువ్వు పొయ్యినావంటే అంగట్లో ఎవురుంటారు?" అని అమ్మ నిన్ను ఆపేసింది. నాన్న నీకు తెచ్చిన పట్టు పావడ నాకు కట్టి పంపింది. నేను సంబరంగా వెళ్ళాను. తిరిగొచ్చేసరికి నువ్వు మన అంగట్లో జ్వరంతో బియ్యం మూటకు ఆనుకుని కూర్చున్నావు.

"నటిస్తా ఉంది" అంది అమ్మ. నేనూ అవునన్నాను. మూడో రోజు తిరువళ్ళూరు ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి ఆలస్యమైపోయింది.

సినిమాలో సవతి చెల్లెలు క్షమించమంది, అక్క కౌగిలించుకుంది. బయటికి వచ్చాక అమ్మను అడిగాను.

"మనమూ అక్కను అట్లనే కదమ్మా చేసినాము?"

అమ్మ ముఖం తిప్పుకుంది. "ఎప్పుడో పొయ్యినదాని మాట ఇప్పుడెందుకు?"

నా కూతురు నా చెయ్యి పట్టి లాగింది. "ఏ అక్క, అమ్మా? యాడుంది?"

"ఎవురూ లేదులే" అంది అమ్మ.

పిల్ల నా వైపు చూసింది. నేను కూడా "ఎవురూ లేదు" అన్నాను.