పెట్టె వెంట రాలేక

వదినా,

చివరి రోజు మీ చెల్లెలు వంట చేస్తూనే మా మానసకు ఎకాలజీ పాఠం చెప్పింది. "గడ్డి ఎండితే మిడతలొక్కటే చస్తయా? వాటిని తినే కప్పలు గూడ చస్తయి, రాసుకో బిడ్డా" అంది. మధ్యాహ్నం గుండె ఆగిపోయింది.

సౌదీవాళ్లకు ఇన్ని ఉద్యోగాలివ్వాలనే ఇక్కడి నితాకత్ రూల్‌లో మా కంపెనీ రెడ్‌లో పడింది. ఇక్కడ ఉండనిచ్చే ఇకామా కార్డులు రెన్యువల్ కావడం లేదు. ఇప్పుడు బయలుదేరితే ఫైనల్ ఎగ్జిటే, మళ్ళీ రానివ్వరు. నా ఇకామా మీదే ఉంది కాబట్టి నాతో మానస కూడా రావాల్సిందే. రేపు దానికి పన్నెండో తరగతి బయాలజీ పరీక్ష.

"అమ్మను ఒక్కదాన్నే పంపుతున్నవా నాన్నా?" అని అడిగింది. "పుస్తకం తియ్" అన్నాను.

ఎగ్జిట్ మీద ఊరికి వస్తున్న మా కంపెనీ లింబాద్రి, మీ చెల్లెలిని పడుకోబెట్టిన పెట్టె వెంట ఉంటాడు. తలకొరివి మీ అబ్బాయి చేత పెట్టించండి.

రేపు పొద్దున విమానం ఎగిరే వేళకు మానసను పరీక్ష హాలులో దింపుతాను. అది బయటికొచ్చేదాకా గేటు దగ్గరే నిలబడతాను.