వెల్మా డైనర్‌లో ఊగే ముసలమ్మ

మార్చి 3, 1994

జేన్స్‌విల్ నుంచి వస్తూ వెల్మా డైనర్ అనే రోడ్డు పక్క హోటల్లో కాఫీకి ఆగాను. కౌంటర్ వెనక గోడ మీద కనిపించింది. చిన్న ఇల్లులాంటి కరెంటు గడియారం. వెలిగే కిటికీలో కుర్చీలో ఊగుతున్న ముసలమ్మ. యాభైల నాటిది. ఇలాంటి బొమ్మ గడియారాలు పోగుచేస్తుంటాను. కళ్ళు తిప్పే పిల్లి నా దగ్గరుంది, మందు కలిపే బార్‌మన్ ఉన్నాడు, ఈ ముసలమ్మే లేదు. అమ్ముతారా అన్నాను. ఓనర్ వెల్మా. నాలాగే అరవై దాటిన మనిషి. కాఫీ పోస్తూ, "ఇక్కడ కాఫీ, గుడ్లు అమ్ముతానయ్యా. గోడ మీదవి అమ్మను," అంది.

మార్చి 4

మళ్ళీ వెళ్ళాను. ప్యాన్‌కేకులు తిన్నాను. అమ్మనంది.

మార్చి 19

రోజూ వెళ్తున్నాను. ప్యాంటు బిగుతైంది. ఇంట్లో గడియారాలకి దుమ్ము కూడా దులపడం లేదు. ఇవాళ పాత సామాన్ల సంతకి వెళ్ళి, సగం చూడకుండానే కారెక్కి డైనర్‌కే వచ్చేశాను.

"ఒరే గస్, గడియారాలాయనొచ్చాడు. ముసలమ్మని దాచిపెట్టు," అని వంటవాడికి కేకేసింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కళ్ళు మాత్రం గోడ మీదే.

ఏప్రిల్ 11

ప్లేటు తీస్తూ అడిగింది. "మెర్ల్, ఓసారి కళ్ళు మూసుకో. నా కళ్ళజోడు ఏ రంగు?"

ఎరుపన్నాను.

ఆమెకి కళ్ళజోడే లేదు. ఆ తర్వాత నా కప్పులో కాఫీ పోయలేదు.

ఏప్రిల్ 12

వెళ్ళలేదు. కూర్చోలేక, నిలబడలేక గదులన్నీ తిరిగాను.

మే 2

మళ్ళీ వెళ్ళాను. మోకాళ్ళు సహకరించక వెల్మా తన డైనర్ అమ్మేసిందట. అరిజోనాలో వాళ్ళక్క దగ్గరికి వెళ్ళిపోతోంది. ఇవాళే ఆఖరు. నన్ను చూడగానే గస్ చేత గడియారం దింపించి, వైరు చుట్టి, నా చేతుల్లో పెట్టింది. ఎంతివ్వాలన్నాను.

"ఏమీ వద్దులే. నువ్వొచ్చింది దీనికోసమేగా. పట్టుకెళ్ళు."

ఆమె కళ్ళు బూడిద రంగు. ఎడమ కనుబొమ్మ మీద చిన్న మచ్చ.

మే 5

గోడకి తగిలించాను. ముసలమ్మ బాగానే ఊగుతోంది. ఇదివరకు ఏ కొత్త గడియారం తెచ్చినా ఆ రోజంతా దాని ముందునుంచి కదిలేవాణ్ణి కాదు. ఇవాళ కాసేపు కూడా కూర్చోలేకపోయాను. కారు తీసి డైనర్ దాకా పోయాను. కిటికీలకు కాగితాలు అంటించారు. ఇంటికి రాబుద్ధి కాక ఎటెటో తిరిగాను.

మే 9

గస్‌ని అడిగి వెల్మా నంబర్ తీసుకున్నాను. ఫోన్ చేశాను. గడియారం పాడైందా అంది. లేదు, బాగానే నడుస్తోందన్నాను. అయినా ఫోన్ ఇద్దరం పెట్టెయ్యలేదు.