వియత్నాం పాఠం ఎప్పుడు మాస్టారూ?

హేగ్ మాస్టారికి నమస్కారాలు.

మీ దగ్గర అమెరికా చరిత్ర చదువుతున్న ఎమ్మెట్‌కు నేను నాయనమ్మను. వియత్నాం యుద్ధం పాఠం ఎప్పుడు చెబుతారు? ఆ రోజు వచ్చి క్లాసులో కూర్చుని వినాలని ఉంది.

ఇట్లు,
వెర్నా టోలెఫ్సన్

తా.క. ఎర్రటి రూబార్బ్ కాడలతో చేసిన తీపి వంటకం, రూబార్బ్ పై, పంపుతున్నాను. మీ వయసు తెలియదు కాబట్టి చక్కెర తగ్గించాను.

వెర్నా గారికి,

మీ ఫిర్యాదు అందింది. నిరుడు ఒక పెద్దాయన ఇలాగే కూర్చుని వింటానన్నారు. విని వెళ్లి, స్కూల్ బోర్డుకు నామీద నాలుగు పేజీలు రాశారు. ఆ పాఠం మీకు ఇష్టం లేకపోతే ఎమ్మెట్‌ను ఆ పూట లైబ్రరీకి పంపిస్తాను. చీటీ జతచేశాను, సంతకం పెట్టండి చాలు.

భవదీయుడు,
కర్టిస్ హేగ్

తా.క. ఫిర్యాదు తేలేదాకా కానుకలు పుచ్చుకోకూడదు. మీ రూబార్బ్ పైని ఎమ్మెట్‌తో తిప్పి పంపాను.

మాస్టారూ,

ఫిర్యాదేమిటండీ! వాణ్ణి లైబ్రరీకి పంపడమెందుకు? మీరు చెప్పే ప్రతి మాటా నేను వినాలి, అంతే.

ఇట్లు,
వెర్నా

తా.క. ఆ రూబార్బ్ పై ఇంటికి చేరలేదు. మావాడి చొక్కా మాత్రం ఎర్రగా వచ్చింది.

వెర్నా గారికి,

ప్రతి మాటా వింటానన్నారు, అర్థమైంది. నాకు గొడవలొద్దు. ఆ పాఠం ఈ ఏడాదికి ఎత్తేశాను. సోమవారం తిన్నగా తర్వాతి పాఠానికి, చంద్రుడి మీదికి వెళ్లిపోతాం. అక్కడ ఎవరికీ అభ్యంతరం ఉండదు.

భవదీయుడు,
హేగ్

తా.క. ఉంటే ముందే చెప్పండి.

మాస్టారూ,

మీ ఉత్తరం చదివి ఏడ్చాను. అరవై ఏళ్ల కిందట అదే గదిలో నేనూ ఇదే చరిత్ర చదివాను. నా ముందు బల్ల లోవెల్‌ది. నేనంటే ప్రాణం అతనికి. మా మాస్టారికేమో అంతర్యుద్ధమంటే మహా ఇష్టం. అది వదిలిపెట్టి మొదటి ప్రపంచ యుద్ధానికి వచ్చేసరికే ఏడాది అయిపోయింది, ఆఖరి గంట కొట్టేశారు. వేసవిలో వియత్నాం యుద్ధానికని లోవెల్‌ను సైన్యంలోకి పిలిచారు. "ఆ దేశం మన పుస్తకంలో ఉందంటావా వెర్నా?" అని అడిగాడు. నాకూ తెలియదు. పాఠం అక్కడికి చేరకముందే అతను చేరాడు. తిరిగి రాలేదు.

తర్వాత మంచివాణ్ణే చేసుకున్నాను, ఏ లోటూ లేదు. అయినా లోవెల్ గుర్తొస్తూనే ఉంటాడు. అతను ఎందుకు వెళ్లాడో ఆ గదిలో కూర్చుని ఒక్కసారి వినాలని ఉంది.

ఇట్లు,
వెర్నా

వెర్నా గారికి,

నన్ను క్షమించండి. చంద్రుడు ఎక్కడికీ పోడు, ఆగుతాడు. గురువారం ఉదయం రండి. అప్పుడు ఎక్కడ కూర్చునేవారో అక్కడే కూర్చోండి. ముందు బల్ల ఖాళీగా ఉంచుతాను. గంట కొట్టినా పాఠం ఆపను.

మీ
కర్టిస్ హేగ్

తా.క. నాయనమ్మ క్లాసుకొస్తే పరువు పోతుందని ఎమ్మెట్ లైబ్రరీ చీటీ అడిగాడు. చింపేశాను. ఈసారి రూబార్బ్ పైని వాడి చేతికివ్వకండి, మీరే పట్టుకురండి.