గంగకు ఎదురు పోవద్దని

ధర్మపురి,
18-7-1962.

పూజ్యులైన నర్మద అక్కయ్యగారికి,

కరీంనగర్‌లో మీ దగ్గర గ్రామసేవిక పని నేర్చుకున్న చంద్రవ్వ చేతులు జోడించి రాయునది. మీరు, పిల్లలు చల్లగా ఉన్నారని నమ్ముతున్నాను.

రాబోయే అమావాస్య స్నానాలకు నేను మళ్ళీ రేవు మెట్ల మీద నిలబడి, వచ్చేపోయే యాత్రికులకు వరద సంగతి చెప్పాలని పంచాయతీ సమితి ఆఫీసు నుంచి కబురు వచ్చింది. అది ఇక నా వల్ల కాదు. రాజీనామా ఇచ్చే ముందు మీకు చెప్పుకోవాలి కాబట్టి ఇప్పుడే రాస్తున్నాను.

ఇక్కడ గోదావరిని అందరూ గంగ అనే అంటారు. పైన మరాఠీ దేశంలో వానలు పడితే గంగకు వరద వస్తుంది. ఇక్కడ చుక్క పడదు, ఎండ కాస్తూనే ఉంటుంది. కానీ నీళ్ళు ఎర్రబడి నురుగూ ఎండుపుల్లలూ కొట్టుకొస్తాయి. అది చూడగానే పైకి ఎక్కాలి. జనం మాత్రం దిగుతారు. కొత్త నీళ్ళు వచ్చాయంటే పసుపు కుంకుమ, గాజులు పట్టుకొని ఎదురు పోవడం ఆచారం. ఇంటికొచ్చిన ఆడిబిడ్డను గడప బయట నిలబెడ్తమా అని నన్నే అడుగుతారు.

నెల రోజులుగా ఇదే చెప్పాను. సీసాలో ఎర్రనీళ్ళు పోసి చూపిస్తే ఒక ముసలాయన, సారా అనుకుంటి గదనే, జర మాకు గూడ పొయ్యి బిడ్డా అన్నాడు. రేవంతా నవ్వింది. నేనూ నవ్వాను.

తొలి ఏకాదశి నాడు పొద్దెక్కాక నీళ్ళ రంగు మారింది. గొంతు పోయేదాకా అరిచాను. జగిత్యాల వైపు నుంచి బండి కట్టుకొని వచ్చిన యాదవ్వ అనే ఆమె, వాన లేదు గీన లేదు, గీ పోరికి గంగంటె గింత భయమా, సదువుకుంటే గిట్లనే అయితరా అని వెక్కిరించి, ఆడవాళ్ళందరినీ వెంటబెట్టుకొని దిగింది. కొంగులు పట్టి లాగాను. ఒకామె నా చేతి మీద కొట్టింది.

నా మాట విన్నది ఒక్క పెద్దామె. ఆమె పై మెట్టు మీద ఉంది, కాళ్ళు కూడా తడవలేదు. పరుగున దిగి, నీళ్ళు ఎర్రబడ్డయంటే పైకెక్కాలె, ఎన్కకు రాండ్రి అని అరుస్తూ ఒక్కొక్కరినీ జబ్బ పట్టి మెట్ల మీదికి నెట్టింది. చివరన యాదవ్వను నెట్టింది. ఆలోపల నీళ్ళు నడుము దాటాయి. ఆ పెద్దామె మాత్రం మెట్టు అందుకోలేకపోయింది. బెస్తవాళ్ళు తెప్పలతో వెదికారు. దిగువన లక్సెట్టిపేట దాకా కబురు పంపాము. దొరకలేదు.

తెల్లవారి యాదవ్వ మళ్ళీ రేవుకు వచ్చింది. తనను విడిచిపెట్టినందుకు గంగకు చీర పెట్టాలట. వద్దని కాళ్ళు పట్టుకున్నాను. గామెను గంగమ్మే కోరి తీస్కపోయింది, పుణ్యాత్మురాలు, నువ్వు ఫికర్ జెయ్యకు బిడ్డా అని నా తల నిమిరి, అదే ఎర్రనీళ్ళలోకి దిగింది. ఆమె వెనక ఇంకా కొందరు. ఈసారి నేను అరవలేదు.

మా ఇంట్లో అక్షరం నేర్చినదాన్ని నేనొక్కదాన్నే. తెలిసినది విడమరచి చెబితే జనం వింటారని మీరు నేర్పారు, నమ్మాను. ఇప్పుడు ఆ రేవు వైపు నడవాలంటే కాళ్ళు రావడం లేదు.

ఇట్లు,
మీ చంద్రవ్వ

మళ్ళీ రాయునది: పెద్దామె అని రాసి ఊరుకున్నాను, చేయి సాగలేదు. ఆమె మా అవ్వ, నన్ను కన్నతల్లి కిష్టవ్వ. నన్ను చూడవచ్చి నెలంతా నాతోనే ఉండిపోయింది. రోజూ మెట్ల మీద కూర్చొని నేను చెప్పేది వినేది. ఇంతమందిలో నేర్చుకున్నది ఆమె ఒక్కతే. కబురంది ఊరి నుంచి బాపు వచ్చి, నువ్వు గది నేర్పకపోతే మీ అవ్వ ఒడ్డు మీదనే ఉంటుండె గద బిడ్డా అన్నాడు. కోపంగా కాదు, తెలుసుకోవాలని అడిగినట్టు అడిగాడు. బాపుకు ఏమని చెప్పాలి అక్కయ్యా? ఇరవై ఎనిమిదో తేదీ లోపల జవాబు రాయండి.