అత్తమ్మ నెత్తురు రంగు తిరగలేదు

గురజాల,
12-2-1946

శ్రీవారికి నిర్మల నమస్కరించి రాయునది. దేవుని కృపవల్ల ఇక్కడ అందరమూ కులాసా. అత్తమ్మ కూడా కులాసా. బర్మాలో మీ ఒళ్ళు బాగున్నదని తలుస్తాను. "తల్లికి కామెర్లు, వెంటనే రా" అని మామయ్య కొట్టించిన తంతి చూసి హడలిపోయి ఉంటారు. ఆ భయం తీసేయండి.

మీరడిగినవాటికి జవాబులు. గేదె ఈనింది, పెయ్యదూడ. మిరపకాయల కోత సగమైంది. మామయ్య చుట్ట మానలేదు, మానమన్నవాళ్ళను కసరడమూ మానలేదు.

ఇక అత్తమ్మ సంగతి. క్రిస్మస్ వెళ్ళిన దగ్గర్నుంచీ ఆమె ఒళ్ళంతా పసుపు తిరిగింది. పక్కింటి పోలమ్మ పిన్ని కామెర్లు దిగడానికి చేతికి వాత పెట్టిద్దామంది. మామయ్య ఒప్పుకోక మమ్మల్ని రైలెక్కించి నరసరావుపేట తీసుకెళ్ళారు. మిలిటరీ ఆసుపత్రిలో పనిచేసి వచ్చిన డాక్టరొకాయన అక్కడ నెత్తురు పరీక్షించి లివరు సంగతి చెబుతాడట.

సూది చూడగానే అత్తమ్మ తగాదా పెట్టుకుంది. "అంత నెత్తురు లాగితే నాకేం మిగులుద్ది బాబూ?"

గాజుగొట్టంలో నెత్తురు పేరుకుని పైన తేట తేలింది. అందులో మందు కలిపితే, కామెర్లున్నవాళ్ళకు గులాబి రంగు తిరుగుతుందట. ముగ్గురం గొట్టం వంకే గుడ్లప్పగించి చూశాం. రంగు తిరగకూడదని మామయ్య ప్రార్థన. తిరగాలని మా అత్తాకోడళ్ళ ప్రార్థన. ఎందుకో చెబుతాను, కోప్పడకండి.

తిరగలేదు. "లివరు శుభ్రంగా ఉంది. కళ్ళూ తెల్లగానే ఉన్నాయి. మీ ఇంట్లో మిలిటరీవాళ్ళు ఎవరన్నా ఉన్నారా?" అన్నాడు డాక్టరు.

అత్తమ్మ ఆయన చేతులు పట్టేసుకుంది. "ఉండాడు బాబూ, నా కొడుకు! కూసింత జబ్బుందని రాయి నాయనా. వాడికి సెలవిస్తారు."

ఇక దాచి లాభం లేదు. పోయిన సెలవులో మీరు పచ్చగా దిగి, మలేరియా మాత్రల వల్లే అన్నారు గదా. మీరు మరిచిపోయిన సీసా నాకు దొరికింది. తల్లికి కామెర్లని డాక్టరు కాగితమిస్తే మిమ్మల్ని పంపుతారన్న ఆలోచన అత్తమ్మది. రోజూ ఆమెకు మాత్రా మంచినీళ్ళూ అందించింది నేను. మామయ్య అన్నం మానేసి బెంగపడతారని అనుకోలేదు. తప్పే. యుద్ధం ముగిసినా మిమ్మల్ని వదలకపోతే మేమేం చెయ్యాలి? మిమ్మల్ని చూడాలని ప్రాణం కొట్టుకుపోతోంది.

డాక్టరు పడీపడీ నవ్వాడు గానీ, దొంగ కాగితం రాయనన్నాడు. మాత్రలు మానేస్తే పసుపు మెల్లగా అదే పోతుందట.

రైల్లో మామయ్య మొహం కిటికీ వైపు తిప్పుకుని కూర్చున్నారు. అత్తమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది, ఏడుపో నవ్వో తెలియలేదు. గురజాలలో దిగాక మామయ్య చుట్ట వెలిగించి, ఆమెను ముందు నడవనిచ్చి, నా పక్కకొచ్చారు.

"అమ్మాయ్, ఆ సీసాలో ఇంకేమన్నా మిగిలినయ్యా? ఈ తడవ నేను మింగుతా. నెత్తురు మాత్రం తియ్యనియ్యను."

సీసా ఎక్కడ దాచానో చెప్పలేదు. మీరు తొందరగా రాకపోతే చెప్పేస్తానేమో.

ఇట్లు,
మీ రాకకు ఎదురుచూసే భార్య
నిర్మల