టికెట్లోళ్ల కుంట యాడుండాది?

కంబదూరు మండలం
4-8-2005

మీరు చేసింది మోసం, అనీసా మేడమ్.

కుంటలో పూడిక తీయండి, ట్రాక్టరు, డీజిలు, మధ్యాన్నం సంగటి మా సంస్థది, కష్టం మీది, కూలి మాత్రం అడగొద్దండి అన్నారు. సరే అని ఊరంతా దిగినాం. వాన పడింది, కుంట నిండింది. అప్పుడు మీటింగు పెట్టి చల్లగా చెప్తారా, ఆ డీజిలు దుడ్లు ఎవరో పరదేశమోళ్లు లాటరీ టికెట్లు కొంటే వచ్చినాయని?

మా ఊర్లో ఒకరు మన చేన్లోకి పనికొస్తే మనమూ వాళ్ల చేన్లోకి పోయి బదులు తీర్చాల. "వాళ్ల కుంట తవ్వొచ్చేదాకా ఈ నీళ్లు ముట్టొద్దు" అని పెద్దాయన నల్లప్ప తాత కట్టుబాటు పెట్టినాడు. మాయమ్మ తిప్పమ్మ గొర్రెలు నిండు కుంటను చూసుకుంటా గొంతెండి అరుస్తాండాయి. వాళ్ల కుంట యాడుండాదో శుక్రవారం లోపల రాయండి.

ఇట్లు,
గంగాధర్, బోరులారీ కూలి

తా.క.: పారలు వాళ్లే ఇస్తారా, మేమే తెచ్చుకోవాల్నా? తాత అడగమన్నాడు.

అనంతపురం
9-8-2005

తమ్ముడు గంగాధర్‌కు అనీసా నమస్తే. నీ ఉత్తరం వచ్చేవరకు ఇక్కడ అందరం క్షేమం.

ఎవరికీ ఏ బదులూ తీర్చక్కర్లేదు. అక్కడివాళ్లు బహుమతి తగులుతుందని టికెట్లు కొంటారు. ఆ డబ్బులో కొంత, ఊరికోసం కూలి లేకుండా కష్టపడేవాళ్లకు తీసిపెడతారు. ఇది ఉచితం. గొర్రెలకు నీళ్లు తాపండి.

ఉంటాను,
అనీసా

తా.క.: ఆ దేశంలో రోజూ వాన. కుంటలు ఎండవు. పారలు దించండి.

కంబదూరు మండలం
15-8-2005

ఉచితం అని రాసి మమ్మల్ని బిచ్చగాళ్లను చేసినారు, మేడమ్.

మీ ఉత్తరం అందరి ముందర చదివినా. బుద్ధి తక్కువై. "బహుమతి తగలనోళ్ల దుడ్లా ఇవి? వాళ్ల ఉసురు నా గొర్రెలు తాగల్నా?" అని మాయమ్మ ఒకటే గోల. నల్లప్ప తాతయితే కండ్లనీళ్లు పెట్టుకున్యాడు. కర్ణాటకలోని పావగడకు పోయి ఏండ్ల తరబడి లాటరీ టికెట్లు కొన్న మనిషి, ఒక్కటీ తగల్లేదు. ఆ నొప్పి ఆయనకు తెలుసు. ఓడిపోయినోళ్ల పేర్లు, ఊర్లు పంపండి. ఒక గొర్రె నిన్న కూలబడింది.

గంగాధర్

తా.క.: తాత టికెట్ల దుడ్లతో ఎవరి కుంట తవ్వినారో కూడా కనుక్కోండి. వాళ్లు ఇంతవరకూ బదులు తీర్చేదానికి రాలేదు.

అనంతపురం
24-8-2005

తమ్ముడు గంగాధర్‌కు నమస్తే.

నీ ఉత్తరం ఇంగ్లీషులోకి మార్చి టికెట్లోళ్ల ఆఫీసుకు పంపినా. ఎంత అర్థమైందో గాని, చాలా సంతోషపడినారు. వాళ్లకు తీర్చాల్సిన బదులు మీ పక్కూరికి తీర్చమన్నారు. ఆ ఊరి కుంట కూడా పూడిపోయింది. తవ్విపెట్టండి, లెక్క సరి. ముందు గొర్రెలకు నీళ్లు.

అనీసా

తా.క.: పక్కూరితో మీకు మాటల్లేవని మా సూపర్వైజరు ఈశ్వరప్ప చెప్పినాడు. తవ్వేదానికి మాటలెందుకు?

కంబదూరు మండలం
22-9-2005

మీ మాట విని మునిగిపోయినాం, మేడమ్.

పక్కూరి కుంట తవ్వినాం, ఒక్క మాట మాట్లాడకుండా. మా గొర్రెలు మా నీళ్లు తాగినాయి, మాయమ్మ నవ్వింది. ఆడిదాకా బాగుండాది. మొన్న వానకు పక్కూరి కుంటా నిండింది. ఇప్పుడు వాళ్లు ఆ నీళ్లు ముట్టరంట! మాకు బదులు తీర్చాలంట! పారలు, గంపలు ఎత్తుకొని ఊరు ఊరంతా మా ఈదిలో నిలబడింది. "పోండప్పా" అన్నాడు నల్లప్ప తాత. ఇరవై ఏండ్లలో అదే మొదటి మాట. "పోము" అన్నాడు వాళ్ల పెద్దాయన. అది రెండో మాట. మాకాడ తవ్వేదానికి ఇంగేమీ లేదు. సంగటి మేమే పెడతాండాం.

గంగాధర్

తా.క.: సోమవారం లోపల పూడిపోయిన కుంట ఒకటి చూపిస్తా జవాబు రాయండి. లేకుంటే రెండూర్లూ కలిసి పారలెత్తుకొని లారీ ఎక్కి మీ ఆఫీసు కాడికి వస్తాం. మీ కాంపౌండు చానా పెద్దదంట కదా.