ఒకే రోజున పుట్టిన పదకొండుమంది

పెదబయలు మండలం,
జనవరి 2.

రేడియోలో 'పాటల చరిత్రలో ఈరోజు' చదివే దేవీప్రసాద్ గారికి,

నమస్కారం పెట్టాలని లేదు. ఉత్తరం మొదట్లో పెట్టాలని ఐదో తరగతిలో నేర్పారు కాబట్టి పెడుతున్నాను.

నేను సోంబరుని. మా ఊరి థింసా బృందంలో మోరి ఊదుతాను. నిన్న మీరు జనవరి ఒకటిన పుట్టిన గాయకుల గురించీ, ఆ రోజు విడుదలైన రికార్డుల గురించీ చెప్పి, చివర్లో మా మీద పడ్డారు. అరకు ఉత్సవానికి మేమిచ్చిన జాబితా చూశారట. "పదకొండుమంది కళాకారులు, పదకొండుమందీ జనవరి ఒకటినే పుట్టారు! ఇది కొండదేవత వరం!" అన్నారు.

వరం కాదండీ, కార్డు. ఆధార్ కార్డులు తీసే అతను బడి అరుగు మీద మిషను పెట్టుకుని, ఎప్పుడు పుట్టావని అడిగాడు. సామలు కోశాక అన్నాను. మిషను సామలు తీసుకోదన్నాడు. ఆఖరి జీపు వెళ్ళిపోతోందని ఊరంతటికీ జనవరి ఒకటి కొట్టేశాడు. ఏడాది మాత్రం మొహం చూసి వేశాడు. బృందంలో పాట ఎత్తుకునేది మా అమ్మ చిట్టెమ్మ. కార్డులో నాకంటే రెండేళ్ళు చిన్నది!

ఇవాళ సంతలో కొండబాబు, "ఏటి సోంబరూ, మీ యమ్మా నువ్వూ ఒకే పురిట్లో పుట్టీసినారేటి?" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. తప్పు చెప్పానని రేడియోలో చెప్పండి.

ఇట్లు,
సోంబరు

తా.క.: ఒకేరోజు పదకొండు పురుళ్ళు పోయడానికి మా ఊళ్ళో ఉన్నది ఒక్క మంత్రసాని. మీ పదకొండుమందిలో ఆవిడా ఉంది.

---

విశాఖపట్నం,
జనవరి 7.

అభిమాన శ్రోత సోంబరు గారికి నమస్సులు.

మీ ఆప్యాయమైన ఉత్తరం అందింది. మీ బాధ అర్థమైంది. మంత్రసాని గారి గురించి విడిగా చెప్పకపోవడం మా పొరపాటే. నిన్న సరిదిద్దాను. "తాను పుట్టిన రోజునే తోటి కళాకారులందరికీ పురుడు పోసిన మహాతల్లి" అన్నాను. స్టూడియోలో మా తోటి వ్యాఖ్యాత సౌందర్య గారికి కళ్ళనీళ్ళు తిరిగాయి.

నాది జులై ఒకటి. ఏటా ఆ రోజు కార్యక్రమం చివర నాకు నేనే శుభాకాంక్షలు చెప్పుకుని, ఇంటికి కేకు పట్టుకెళ్ళి అమ్మకి తినిపిస్తాను. పుట్టినరోజు విలువ నాకు తెలుసు. అందుకే మీ బృందానికి ఒక కేకు పార్సిల్ చేశాను.

మీ ఆత్మీయుడు,
దేవీప్రసాద్

తా.క.: కొవ్వొత్తులు పదకొండూ లెక్కపెట్టి పెట్టాను.

---

పెదబయలు మండలం,
జనవరి 13.

దేవీప్రసాద్ గారికి,

ఈసారి నమస్కారం లేదు.

ఉత్సవం ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. అక్కడ మీ కార్యక్రమం విని, మా జాబితా మళ్ళీ తీసి చూశారట. అందరిదీ ఒకే తేదీ, తల్లికంటే కొడుకు పెద్ద, కాబట్టి ఇవి దొంగ కార్డులేమోనని అనుమానమట. విచారణ అయ్యేదాకా మమ్మల్ని పక్కన పెట్టారు. మా బదులు మైదానం నుంచి కాలేజీ పిల్లలొచ్చి థింసా ఆడతారట.

మా అమ్మకి ఎనభై దాటి ఉంటాయి. ఆ వేదిక మీద ఒక్కసారి పాట ఎత్తుకోవాలని ఆవిడ కోరిక. నెలరోజులుగా మా అందరి ప్రాణాలూ తీసి సాధన చేయించింది. కాగితం చదివి వినిపిస్తే, "నాను బతికుండగా నా పాట ఇంకోలు పాడతారేటి? ఆ రేడియో గుంటడ్ని బేగి తీసుకురా!" అంది. రెండ్రోజులుగా సరిగ్గా అన్నం తినడం లేదు. దీనికి కారణం మీరు. ఆ తేదీలు ఎలా వచ్చాయో ఉన్నదున్నట్టు రేడియోలో చెప్పండి.

సోంబరు

తా.క.: కేకు ముట్టింది. చీమలు ముందే కోసేసుకున్నాయి.

---

విశాఖపట్నం,
జనవరి 18.

సోంబరు గారికి,

మీ ఉత్తరం చదివి నాకు నిద్ర పట్టలేదు. వెంటనే మీరు కోరినట్టే చేశాను. "సోంబరు బృందం కార్డుల్లో తేదీలు ఒక్కటీ నిజం కావు. ఆ మాట సోంబరు గారే స్వయంగా రాసి ఒప్పుకున్నారు" అని రెండుసార్లు చదివాను. ఇక ఎవరికీ ఏ అనుమానమూ ఉండదు.

మీ అసలు తేదీలు రాసి పంపండి. ఆయా రోజుల్లో మళ్ళీ ఘనంగా చెబుతాను.

మీ మేలు కోరే,
దేవీప్రసాద్

తా.క.: ఉత్సవం ఆఫీసు వాళ్ళు వినకపోతే ఎలాగని ఆ రికార్డింగు వాళ్ళకి పంపించాను కూడా.

---

పెదబయలు మండలం,
జనవరి 24.

ఓ దేవీప్రసాద్ గారూ!

ఒప్పుకోవడమేమిటి? నేనేమన్నా దొంగతనం చేశానా? మీ రికార్డింగు వినే, మంగళవారం విచారణకి ఆఫీసరు వస్తున్నారు. మీరు మేలు చేయడం ఆపితే చాలు.

అసలు తేదీలు అడిగారు. మాకు తేదీ లేదు, వారం ఉంది. మాలో చాలామందికి పుట్టిన వారమే పేరు. సోమవారం పుట్టాను, సోంబరుని. మా తమ్ముడు బుధవారం పుట్టాడు, బుద్రు. మీరు పుట్టినరోజు ఏడాదికోసారి తలుచుకుంటారు, మావాళ్ళు మమ్మల్ని పిలిచిన ప్రతిసారీ ఆ రోజునే తలుచుకుంటారు. నా కార్డులో ఉన్న 1960 జనవరి ఒకటి ఏ వారమో బడి మాస్టారు ఫోనులో చూశారు. శుక్రవారం! ఆ రోజు పుట్టి ఉంటే నేను సుక్ర అయ్యేవాడిని. మిషను అతను నా పేరు రాసి, దాని కిందే అబద్ధం రాశాడు. ఆ అబద్ధాన్ని మీరు ఊరూరా చాటారు.

సరే, మీ జులై ఒకటి ఎవరు చూశారు? మీ అమ్మగారిని అడిగారా? మేము ఆడినా ఆడకపోయినా, ఆవిడని వెంటబెట్టుకుని ఉత్సవానికి రండి. మా అమ్మ మీకోసం చూస్తోంది.

సోంబరు

తా.క.: చీపురు పట్టుకుని చూస్తోంది.

---

పెదబయలు మండలం,
ఫిబ్రవరి 5.

తమ్ముడు సోంబరుకి,

అన్న సోంబరు దీవెనలు. పేరు చూసి కంగారుపడకు, చెబుతాను.

విచారణకి వచ్చిన ఆఫీసరు పేరు గాయత్రి. జీపు దిగేటప్పుడు మొహం చిటపటలాడుతోంది. నీకు రాసిందే ఆవిడకీ చెప్పాను. కార్డులన్నీ ముందేసుకుని, ఒక్కొక్క తేదీ ఏ వారమో ఫోనులో చూసి మా పేర్లతో పోల్చింది. ఒక్కటీ కలవలేదు. మా అమ్మ ఉండబట్టలేక, "మరి నీ కార్డులో ఏటుందమ్మా?" అంది. ఆవిడ సంచి తెరిచింది. తన కార్డు తీసి చూపించింది. ఊరు మాలాగే కొండల్లో, గుమ్మలక్ష్మీపురం దగ్గర. తేదీ జనవరి ఒకటి! "ఇంటికాడ నన్ను బుద్రి అంటారమ్మా" అంది. మేము ఆడొచ్చని అక్కడికక్కడే సంతకం పెట్టేసింది.

ఉత్సవం నువ్వూ చూశావు. మా అమ్మ పాట ఎత్తుకుంటే నాకు ఏడుపొచ్చి మోరిలో ఊపిరి తప్పింది. అది మాత్రం రేడియోలో చెప్పకు.

నువ్వు మైకు పట్టుకుని తిరుగుతూ ఉంటే, మీ అమ్మ రాజులమ్మ గారు మా అమ్మ పక్కన కూర్చున్నారు. ఆవిడ చెప్పింది విను. "జులై ఒకటేటమ్మా! కార్తీక సోమారం ఉపాసం ఉన్నాను. సుక్కని సూసి తిందామనుకుంటే నెప్పులొచ్చీసినాయి. ఆ తేదీ బళ్ళో యేసినప్పుడు మేస్టారు రాసీసినారు." నీకు చెబితే బాధపడతావని నలభై ఏళ్ళుగా ఊరుకున్నారట.

అది విని మా అమ్మ చీపురు పక్కన పడేసింది. "సోమారం పుట్టినోడైతే ఈడూ సోంబరే. కొడుకుని ఎలాగ కొడతాను?" అంది. నువ్వు బతికిపోయావు.

నా కోపం మాత్రం ఇంకా సగం ఉంది. ఏదైనా సోమవారం ఇంటికి రా, మిగతాది ఎదురుగా తిడతాను. అమ్మ నీ పేరుతో నిన్ను పిలవాలని చూస్తోంది.

ఇట్లు,
నీ అన్న సోంబరు

తా.క.: ఈ సంగతి నీకు రాస్తానంటే మీ అమ్మగారు ఒక మాట అడిగారు. నిజం తెలిసినా, జులై ఒకటిన కేకు తేవడం మాత్రం మానొద్దని చెప్పమన్నారు.